మిషను ఆపిన గంట

డాక్టర్ నిరంజన్ గొట్టాన్ని మిషను నుంచి విడదీయగానే ముజీబ్‌కు ముందుగా తెలిసింది ఊపిరి సంగతి కాదు, చప్పుడు లేకపోవడం. ఆరు రోజులుగా ఎడమ చెవి పక్కన ఆగకుండా నడిచిన చప్పుడు, నిమిషానికి పద్నాలుగుసార్లు ఎక్కి దిగిన చప్పుడు, ఎప్పుడు ఎక్కుతుందో ఎప్పుడు దిగుతుందో నిద్రలో అడిగినా చెప్పగలిగేంత అలవాటైన చప్పుడు ఒక్కసారిగా తెగిపోయింది. దాని చోట ఏమీ లేదు. ఆ ఏమీ లేని చోటులోంచి తానే గాలి గుంజుకోవాలి. గుంజాడు. వచ్చింది. అడుగు వాల్వులో చెత్త పడ్డ మోటరు నీళ్లు ఎత్తినట్టు, సన్నగా, ఆలోచించుకుంటూ వచ్చింది. నోట్లోంచి గొంతులోకి దిగిన గొట్టం అలాగే ఉంది. దాని బయటి కొసకు ఇంగ్లిషు టీ అక్షరంలాంటి ప్లాస్టిక్ ముక్క తగిలించారు. ఒక పక్క నుంచి సిలిండరులోని ఆక్సిజన్ తడితడిగా వస్తుంది, రెండో పక్క గదిలోకి తెరుచుకుని ఉంటుంది. అందులో తోసేది ఏదీ లేదు. కావలిస్తే తీసుకో, వద్దంటే నీ ఇష్టం అన్నట్టు గాలి తన దారిన తాను పోతూ ఉంటుంది. గంటసేపు ఇలా నెట్టుకొస్తే గొట్టం తీసేస్తానన్నాడు డాక్టరు. గంట ఎంత పొడుగుంటుందో ముజీబ్ ఎన్నడూ కొలవలేదు. ఒక గంట అంటే కొత్తకోట నుంచి మహబూబ్‌నగరు బస్సు. ఒక గంట అంటే అయిదు గుర్రాల మోటరు బిగించి, వైర్లు కలిపి, నీళ్లు పడ్డాక చేతులు కడుక్కోవడం. ఇప్పుడు ఒక గంట అంటే ఎన్ని ఊపిర్లు? లెక్క వేయబోయి మానుకున్నాడు, లెక్క వేస్తే ఏమవుతుందో నిన్ననే చూశాడు గనక.

నిన్న కూడా ఇలాగే మొదలైంది. నిన్న పద్నాలుగు నిమిషాలు. ఎదురుగా గోడ గడియారం, తల పక్కన పచ్చ అంకెల తెర. రెండింటినీ మార్చి మార్చి చూశాడు. ఆక్సిజన్ అంకె తొంభై ఆరు ఎందుకు తొంభై నాలుగైంది, గుండె అంకె నూట పది ఎందుకు దాటింది, దాటితే ఏమవుతుంది. ఇరవై రెండేళ్లుగా మోటార్ల మీటరు ముల్లు చూసి బతికినవాడు. బరువు పెరిగితే ముల్లు లేస్తుంది, ముల్లు లేస్తే లోపల తీగ కాలుతుంది. అంకె పెరిగినకొద్దీ భయం పెరిగింది, భయంతో ఊపిరి పొట్టిదైంది, పొట్టి ఊపిరితో అంకె మరింత పైకి పోయింది. మెడ నరాలు తాళ్లయ్యాయి, చెమట కళ్లలోకి కారింది, చివరికి డాక్టరే వచ్చి మళ్లీ మిషను తగిలించాడు. ఇది ఓడిపోవడం కాదని, అలసిన కండకు ఒకరోజు విశ్రాంతి ఇచ్చి మళ్లీ చూడడమే పద్ధతి అని చెప్పాడు. ఆ మాట ముజీబ్‌కు చెప్పింది. తలుపు దగ్గర భార్య హీనాకు చెప్పింది వేరు. ఇంకో రెండుమూడు రోజులు ఇలాగే అయితే మెడకు చిన్న రంధ్రం పెట్టి అక్కడి నుంచి గొట్టం వేయాల్సి వస్తుందని, దానికి హైదరాబాదు తీసుకుపోవడమే మంచిదని, దారిలో ఏమైనా కావచ్చని. డాక్టరు గొంతు తగ్గించే చెప్పాడు. కానీ ఈ ఆరు రోజుల్లో ముజీబ్ ఒంట్లో ఒక్కరోజు కూడా సెలవు తీసుకోనివి చెవులే.

అందుకే గీత సిస్టర్ ఇవాళ ముందే తెరను తన వైపు తిప్పేసుకుంది. గడియారం తీసి బల్ల మీద బోర్లించింది. మంచాన్ని తలవైపు ఎత్తి అతన్ని కూర్చున్నట్టు చేసి, మోకాళ్ల కింద దిండు పెట్టి, గొట్టంలో చేరిన తడిని సన్న పైపుతో లాగేసి, అతని కుడిచేతిని అతని పొట్ట మీదే పెట్టింది. అమ్రాబాదు పిల్ల. పనిలో చేతులు గబగబా కదిలినా మాట మాత్రం నెమ్మది. "మీటరు నేను జూస్త అన్న," అంది. "నువ్వు అటు సూడకు. చెయ్యి కింద పొట్ట లేస్తుంటె సాలు. నీ పనులుంటయి గద, అండ్ల ఒక పని మొదటి సంది ఆఖరి దాంక మతికి దెచ్చుకో. నడుమ ఏదీ ఇడ్వకు." చెప్పి స్టూలు మీద కూర్చుంది. మీటరు చూడకుండా పనిచేయమనడం ముజీబ్‌కు విడ్డూరంగా తోచింది. కానీ నోట్లో గొట్టం ఉన్న మనిషి వాదించలేడు.

ఏ పని? బోరులోంచి మోటరు తీసే పని. ముందు మూడు కాళ్ల కడ్డీ నిలబెట్టాలి, దాని నడినెత్తిన గొలుసు పుల్లీ కట్టాలి, నేల మెత్తగా ఉంటే కాళ్ల కింద బండలు పెట్టాలి. పైపు మెడకు పట్టు బిగించాలి. గొలుసు గుంజితే మొదటి పైపు లేస్తుంది, ఇరవై అడుగులు, బురద రంగు నీళ్లు కారుతూ. దాని కింద రెండో పట్టు. విప్పు. పక్కన పెట్టు. రెండో పైపు. ఎవరి బోరు ఇది? ఎర్రమట్టి, గట్టు మీద కందిమొక్కలు, రేకుల షెడ్డు. మల్లేశ్ బోరు. ఎందుకు వచ్చింది మల్లేశ్ బోరే? ఆ రోజు అసలు మోటరు తీయనే లేదు, అంతదాకా పోనే లేదు. పోయింది స్టార్టరు కోసం. మోటరు ఎక్కినట్టే ఎక్కి ఆగిపోతోందని, మూడు మడుల వరి ఎండుతోందని మల్లేశ్ పొద్దున్నే ఫోను చేశాడు. పోగానే ముందు ఫ్యూజులు మూడూ పీకి చొక్కా జేబులో వేసుకున్నాడు. అది ఎన్నడూ మరచిపోని పని. తరువాత స్టార్టరు ఉన్న ఇనుప డబ్బాలో వెనకవైపుకు చెయ్యి పెట్టాడు, నలుపు వైరు ఎక్కడిదాకా పోయిందో వేళ్లతో తడుముదామని. చిటికెన వేలికి చురుక్కుమంది. గట్టిగా కూడా కాదు. చెయ్యి వెనక్కి తీసుకుని మొదట అనుకున్నది, కరెంటు. రెండోది, ఫ్యూజులు నా జేబులో ఉన్నాయి కదా. మూడోది ఆలోచించడానికి అక్కడే గట్టు మీద కూర్చున్నాడు. పక్క రైతు లైనులోంచి తిరుగు కరెంటు వచ్చిందా? టెస్టరు పెట్టి చూశాడు, వెలగలేదు. అయితే కెపాసిటరు. కెపాసిటరులో కరెంటు కాసేపు దాక్కుని ఉంటుంది, ఫ్యూజు పీకినా పోదు. దొరికింది సమాధానం. ఎంత తృప్తి పడ్డాడో! ఇప్పుడు తలుచుకుంటే నవ్వు వస్తోంది. గొట్టం చుట్టూ పెదవులు కదిలాయి, గీత చప్పున లేచి ముఖంలోకి చూసి మళ్లీ కూర్చుంది. ప్రశ్న సరైనదే, కరెంటు లేకుండా దెబ్బ ఎలా తగిలింది అన్నది. జవాబే చాలా అందంగా, చాలా తప్పుగా ఉంది. జవాబు దొరికిందని వేలు వంక చూడను కూడా చూడలేదు. వైరు అప్పటికి నడిచేలా అతికించాడు, డబ్బా మూత పెట్టాడు, మోటరు ఎక్కింది. మూత వెనక అది అలాగే చుట్టుకుని పడుకుని ఉంది.

ఊపిరి. చెయ్యి కింద పొట్ట లేస్తోందా? లేస్తోంది. ఎన్నో పైపు మీద ఉన్నాడు? పోనీ. కొత్తకోటలో బస్టాండు ముందు హోటల్లో చాయ్ తాగుతుంటే హైవే మీద పోయే లారీ ఒకటి రెండుగా కనిపించింది. ముందొకటి, దాన్ని ఆనుకుని దాని లాంటిదే ఇంకొకటి. కన్ను మూసి చూశాడు, ఒకటే ఉంది. కన్ను తెరిచాడు, రెండు. ఎడమ కన్ను మూస్తే ఏది పోతోంది, కుడి కన్ను మూస్తే ఏది పోతోంది అని చాయ్ చల్లారే దాకా పరీక్ష చేశాడు. షాపుకు వచ్చేసరికి రెప్పలు సగానికి దిగాయి. హీనా రాగితీగ చుడుతున్న అచ్చు వదిలి లేచి, తాగి వచ్చావా అని అడిగింది. ఇరవై ఏళ్ల కాపురంలో అడగని మాట. లేదు అందామంటే నాలుక తడిసిన గుడ్డలా మడతపడింది. అప్పుడే మల్లేశ్ బండి వచ్చి ఆగింది. అతని తల్లి అమృతమ్మ మోటరు ఆపుదామని పోయి డబ్బా మూత తీస్తే లోపల నల్లటి ఒంటి మీద తెల్ల కట్లు. కట్లపాము. పెద్దావిడ కేకలు వేయలేదట. మూత మెల్లగా వేసి, మడిలో ఉన్న కొడుకు దగ్గరికి నడిచిపోయి, పొద్దున వచ్చిన మెకానిక్కు ఈ డబ్బాలోనే చెయ్యి పెట్టాడు, పో, పోయి అడుగు అన్నదట. మల్లేశ్ బండి దిగకుండానే అడిగాడు. "అన్న, డబ్బల పాముంది. నిన్నేమన్న ముట్టిందా?" కాదు, కెపాసిటరు అని చెప్పబోయాడు ముజీబ్. నోరు తిరగలేదు. హీనా అతని చెయ్యి తిప్పి చూసింది. వాపు లేదు, రక్తం లేదు. చిటికెన వేలి పక్కన సూది మొనతో పొడిచినట్టు రెండు చుక్కలు. ఆ చుక్కలు కనిపెట్టింది ఆమే. తీగ మీద గీత పడితే కనిపెట్టే కళ్లు.

మల్లేశ్ బండి నడిపాడు, వెనక హీనా తమ్ముడు తౌఫీక్ కూర్చుని ముజీబ్‌ను నడుమకు కట్టుకున్నాడు. వనపర్తి దారి అంతా చెవుల్లో గాలి. ఇంత గాలి ఉండి, ముఖానికి ఇంత గాలి కొడుతుంటే, లోపలికి ఎందుకు పోవడం లేదు అన్నదే అప్పుడు అతనికి అర్థం కాలేదు. దవాఖానలో డాక్టర్ నిరంజన్ ఒక్క ఊపిరిలో ఎంతవరకు లెక్కపెట్టగలవో పెట్టు అన్నాడు. పద్నాలుగు. పాము విషానికి విరుగుడు మందు ఎక్కుతుండగా మళ్లీ అడిగాడు. తొమ్మిది. మళ్లీ. అయిదు. నీళ్లు దిగిపోతున్న బావిలో తాడు కొలిచినట్టు అనిపించింది. నాలుగోసారి ఒకటి అన్న తరువాత రెండు ఎక్కడుందో దొరకలేదు. ఆ తరువాత కళ్లు మూతపడ్డాయి, గొట్టం దిగింది, ఆ చప్పుడు మొదలైంది.

ఎవరికీ తెలియనిది ఏమిటంటే అతను ఎక్కడికీ పోలేదు. కనురెప్ప లేవదు, వేలు కదలదు, నాలుక లేదు, మెడ లేదు. కానీ లోపల దీపం వెలుగుతూనే ఉంది. ఇల్లంతా తలుపులు వేసి బయట తాళం పెట్టి పోతే లోపల మనిషి ఉన్నట్టు. మొదట భయపడ్డాడు. చాలా భయపడ్డాడు. తరువాత భయం కూడా ఒక్కచోట కూర్చుని కూర్చుని అలసిపోయింది, దాని పక్కన ఆశ్చర్యం వచ్చి కూర్చుంది. నేను అనే మనిషి చేతుల్లో లేడు, కాళ్లలో లేడు, ఊపిరిలో కూడా లేడు, ఊపిరి మిషనుది. మరి ఎక్కడున్నాడు? రెండో రోజు ఎవరో డ్యూటీ డాక్టరు వచ్చి రెప్పలు ఎత్తి టార్చి వేశాడు. ఎర్రటి వెలుగు సూర్యుడిలా మీదికి వచ్చింది. చూస్తున్నాను అని ముజీబ్ అరిచాడు, లోపల్లోపలే. ఆ డాక్టరు తౌఫీక్‌ను పక్కకు పిలిచి, కంటిపాప కదలడం లేదు, మెదడులో ఏమీ మిగిలినట్టు లేదు, మీరు ఆలోచించుకోండి అన్నాడు. తౌఫీక్ ఏడ్చాడు. ఏడ్చి అక్క దగ్గరికి పోయి, ఇంటికి తీసుకుపోదాం, మనవాళ్ల మధ్య పోనీ అన్నాడు. ముజీబ్ తన చావు మీద జరుగుతున్న మాటలు మంచం మీద నుంచి విన్నాడు. ఎదురు చెప్పడానికి అతని దగ్గర ఏమీ లేదు, మిషను కొట్టే ఊపిరి తప్ప, అది అతనిది కాదు.

హీనా ఏడవలేదు. నాకు ఒక గంట ఇవ్వండి అని మాత్రం అడిగింది. వచ్చి కాళ్ల దగ్గర కూర్చుంది. రెండు బొటనవేళ్లనూ తన రెండు చేతుల వేళ్ల మధ్య పట్టుకుంది, ఊరికే, తీగ పట్టుకున్నట్టు. ఆమె పని అదే ఎప్పుడూ. షాపు వెనక గదిలో అచ్చు మీద రాగితీగ చుట్టడం, చుట్లు లెక్కపెట్టడం. తీగ వెంట్రుకంత సడలితే వేళ్లకు తెలుస్తుందనేది. ముజీబ్ నమ్మేవాడు కాదు. ఆ గంటలో ఆమె పిలుస్తూ ఉంది, సునో జీ, సునో జీ, అని, కోపం లేకుండా, ఏడుపు లేకుండా, అన్నానికి పిలిచినట్టు. ముజీబ్ తన ఒంటి నిండా వెతికాడు. భుజం దగ్గరికి పోయాడు, తాళం. మోచేయి, తాళం. తొడ, మోకాలు, అన్నీ తాళాలే. చిట్టచివర, ఎడమకాలి బొటనవేలి దగ్గర ఏదో సందు ఉన్నట్టుంది. ఉన్న బలమంతా తీసుకుపోయి అక్కడ నెట్టాడు. కదిలిందో లేదో అతనికే తెలియదు. హీనా పిలుపు ఆపింది. తరువాత గట్టిగా కాదు, మామూలుగానే, "సిస్టరమ్మా, జర ఇటు రా. ఈ వేలు పట్టి సూడు," అంది. గీత వచ్చింది. ముజీబన్నా, ఇనబడ్తుంటె ఒకపారి వేలు కదుపు అంది. కదిపాడు. రెండుపార్లు కదుపు. రెండుసార్లు కదిపాడు. ఇద్దరు ఆడవాళ్లు ఆ వేలును పట్టుకుని అలాగే నిలబడ్డారు. సాయంత్రం డాక్టర్ నిరంజన్ వచ్చి, కట్లపాము విషం నరాల తీగలనే తెంపుతుంది గాని మెదడును ముట్టదని, కంటిపాప కూడా ఆ తీగలతోనే కదులుతుందని, మనిషి లోపల మెలకువగానే ఉన్నాడని తౌఫీక్‌కు, ఆ డ్యూటీ డాక్టరుకు కలిపి చెప్పాడు. ఆనాటి నుంచి ఆ గదిలో అతను లేనట్టు ఎవరూ మాట్లాడలేదు.

హీనా అయితే మాట్లాడుతూనే ఉంది. ఇంత మాట్లాడుతుందని అతనికి తెలియదు. ఎదుటివాడు ఎదురు చెప్పలేడన్న ధైర్యమో ఏమో. మూడో రోజు మధ్యాహ్నం ఒక సంగతి చెప్పింది. రెండేళ్ల కింద నీ చెల్లెలు ఫిర్దోస్ కాన్పుకని నువ్వు గద్వాలలో నాలుగు రోజులున్నావు కదా, అప్పుడు పెబ్బేరు రైతు ఒకతను కాలిపోయిన మోటరు తెచ్చి ఏడ్చాడు కదా, రాయచూరు నుంచి వచ్చిన మెకానిక్కు ఎవరో దాన్ని చుట్టి ఇచ్చిపోయాడని నేను చెప్పాను కదా. రాయచూరు మనిషి లేడు, గీయచూరు మనిషి లేడు. నేనే చుట్టాను. ముజీబ్ లోపల గుండె ఆగినంత పనైంది. ఆ మోటరు! ఇప్పటికీ తిరుగుతోంది. ఆ ముడుల పనితనం చూసి, తీగల కొసలు మడిచిన తీరు చూసి, ఆ రాయచూరు మనిషి కోసం సంవత్సరం పాటు వెతికాడు. గద్వాల పోయినప్పుడల్లా బస్టాండులో రాయచూరు బస్సు డ్రైవర్లను అడిగాడు. ఒకసారి ఆ మనిషిని పనిలో పెట్టుకుందామని హీనాతోనే అన్నాడు. ఆమె ఉల్లిగడ్డ తరుగుతూ, దొరికితే పెట్టుకో అంది. నవ్వాలి అతనికి, కడుపు పట్టుకుని నవ్వాలి, నవ్వడానికి కడుపు లేదు. నవ్వు తరువాత సిగ్గు వచ్చింది, సిగ్గు తరువాత ప్రశ్న. ఆ ప్రశ్న ఇప్పటికీ పోలేదు. తీగ చుట్టడం సరే, చూసి నేర్చుకుంది. కానీ చుట్టిన తీగల కొసలు ఏది దేనితో కలపాలో ఎలా తెలిసింది? అది అతను ఎవరికీ చెప్పలేదు. తన ఉస్తాదు తనకు చెప్పడానికే మూడేళ్లు తీసుకున్నాడు. కాగితం మీద ఎక్కడా రాయలేదు. మరి ఎలా? వేలు కొద్దిగా బాగయ్యాక పలక ఇచ్చారు, రాయొచ్చు. కానీ ఇది పలక మీద అడిగే ప్రశ్న కాదు. నోటితో అడగాలి.

పలక మీద అడిగింది డాక్టరునే. నాలుగో రోజు రెప్పలు తెరుచుకున్నాక ముజీబ్ మిషను వంకే చూస్తూ ఉన్నాడు. అంతకుముందు అది దాని లెక్కన అది కొట్టేది. ఆ రోజు నుంచి ఇతను గాలి కోసం చిన్నగా గుంజగానే అందుకుని నెట్టుతోంది. అది ఎట్ల తెలుసుకుంటది అని వంకరటింకర అక్షరాలతో రాశాడు. డాక్టర్ నిరంజన్ పలక చదివి స్టూలు లాక్కుని కూర్చున్నాడు. ఆయనది నాగర్‌కర్నూలు, ఆయన తండ్రి కూడా బోర్లు వేయించి విసిగిన రైతే. "నువ్వు గుంజంగనె గొట్టంల గాలి జర తగ్గుతది. గంతే. దాన్ని అది పసిగడ్తది," అన్నాడు. రోజూ కొంచెం కొంచెం దాని నెట్టుడు తగ్గిస్తూ నీ గుంజుడు పెంచుతున్నానని, ఏ రోజు ఎంత తగ్గించాడో అంకెలతో సహా చెప్పాడు. ముజీబ్‌కు అది నచ్చింది. నిద్రపోతే ఎవరు గుంజుతారు అని రెండో ప్రశ్న రాశాడు. మెడ వెనక, మెదడు మొదట్లో ఒక చోటు ఉందని, అది పుట్టినప్పటి నుంచి ఆగలేదని, దానికి నువ్వు చెప్పనక్కరలేదని అన్నాడు. హీనాను అడిగితే వేరే పేరు చెబుతుంది, చెయ్యి పైకి చూపించి. రెండూ ఒకటే కావచ్చు. ముజీబ్‌ను పట్టుకున్నది ఆ తరువాతి ప్రశ్న. నలభై రెండేళ్లు అది నడిపింది. నేను పట్టించుకోలేదు. ఇప్పుడు పట్టించుకుంటున్నాను, నేను గుంజుతున్నాను. నేను వదిలిపెడితే అది మళ్లీ అందుకుంటుందా? ఎప్పుడు అందుకుంటుంది? నేను వదలడానికీ అది అందుకోవడానికీ మధ్య సందు ఉంటే?

అప్పుడు ఫ్యాను ఆగింది.

ట్యూబులైటు పోయింది, ఎక్కడో ఫ్రిజ్జు గురగుర ఆగింది, దవాఖాన మొత్తం ఒక్క క్షణం పల్లెటూరైంది. కరెంటు పోయింది. ఈ ఆరు రోజుల్లో నాలుగుసార్లు పోయింది. పోయిన ప్రతిసారీ మిషను కీచుమని అరిచేది, లోపలి బ్యాటరీ అందుకునేది, అందుకోకపోతే అన్న భయంతో ఎవరో ఒకరు పరుగెత్తుకొచ్చి రబ్బరు సంచి గొట్టానికి తగిలించి చేత్తో నొక్కేవారు. గీత కూడా అలవాటు కొద్దీ లేచి సంచి అందుకుంది. అందుకుని, రెండు అడుగులు వేసి, ఆగింది. ముజీబ్ వంక చూసింది. ముజీబ్ ఆమె వంక చూశాడు. ఆ గదిలో కరెంటుతో పని లేనిది ఇప్పుడు అతనికే. చప్పుడు లేని గదిలో గొట్టంలోంచి పోయి వచ్చే గాలి మొదటిసారి వినిపించింది, నేల మీద చీపురు మెల్లగా ఈడ్చినట్టు, ఒకసారి అటు, ఒకసారి ఇటు. ఎవరిదది? తనదే. ఎప్పటి నుంచి పోతోంది అలా? లారీలు రెండుగా కనిపించినప్పుడు, తౌఫీక్ ఏడ్చినప్పుడు, గద్వాల బస్టాండులో డ్రైవర్లను అడిగినప్పుడు, ఉల్లిగడ్డ తరిగినప్పుడు, ఇందాక ఇవన్నీ తలుచుకుంటున్నంతసేపూ, అతను గుంజలేదు. ఒక్కసారి కూడా గుర్తుపెట్టుకుని గుంజలేదు. అదే పోయింది. గీత సంచి బల్ల మీద పెట్టేసి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వింది. జనరేటరు దడదడమని అందుకుంది, ఫ్యాను తిరిగింది, ఆ చీపురు చప్పుడు మళ్లీ మునిగిపోయింది.

తెలిసిపోవడమే తప్పైంది. తెలిశాక అటే చూడబుద్ధవుతుంది. ఇప్పుడు వస్తోందా, ఇప్పుడు? చూసిన కొద్దీ అది తడబడింది, ఎవరో తొంగి చూస్తుంటే స్నానం చేసే మనిషిలా. అదే సమయానికి గొట్టం అడుగున ఏదో అడ్డం పడింది. గాలి గళగళమంది, సగంలో ఆగింది. గుంజితే రావడం లేదు. మెడ నరాలు లేచాయి, నుదుటి మీద చెమట, నిన్నటి దారే మళ్లీ, అడుగడుగునా గుర్తున్న దారి. ఇక అయిపోయింది, మెడకు రంధ్రం, హైదరాబాదు. గీత ముఖం అతని ముఖానికి దగ్గరగా వచ్చింది. కఫం, భయం లేదు అంది. సన్న పైపు లోపలికి దించి లాగింది. సగమే వచ్చింది. రెండు అరచేతులూ అతని పొట్ట పైభాగాన ఆనించి, నేను మూడు అనంగనె దగ్గు, నేను నొక్కుత అంది. ఒకటి, రెండు, మూడు. దగ్గాడు. దగ్గు కాదది, ముసలి కుక్క మొరుగు. మళ్లీ. ఆమె నొక్కింది, అతను తన్నాడు. మూడోసారికి పేగులు నోటిదాకా వచ్చినట్టయింది, అడ్డం పడ్డది కదిలింది, పైపు దాన్ని గుంజేసుకుంది. తరువాత వచ్చిన గాలి ఎంత చల్లగా ఉందో చెప్పడానికి అతని దగ్గర మాట లేదు. మండువేసవిలో బోరు మొదటి నీళ్లలో తల పెట్టినా అంత చల్లన లేదు. గీత అతని నుదురు తుడిచింది. ఎన్ని నిమిషాలు మిగిలాయని కళ్లతో అడిగాడు. ఆమె బోర్లించిన గడియారం వైపు కూడా చూడకుండా, గంట దాటి ఆరు నిమిషాలైంది అన్న, డాక్టరు సారు తలుపు కాడ్నే నిలవడ్డడు అంది.

డాక్టర్ నిరంజన్ లోపలికి వచ్చి తెర చూశాడు, ముజీబ్‌ను చూశాడు. దిండు మీద నుంచి తల ఎత్తి నేను అయిదు లెక్కపెట్టేదాకా అలాగే ఉంచు అన్నాడు. తల నీళ్ల బిందెలా ఉంది. ఎత్తాడు. నాలుగు దగ్గర వణికింది, అయిదు దగ్గర నిలిచింది. వేళ్లు పట్టి నొక్కమన్నాడు. నొక్కాడు. గొట్టం చుట్టూ గొంతులో చిన్న బుడగ ఉంటుందని, గాలి బయటికి కారకుండా అడ్డుపడేది అదేనని, దాన్ని దించి గొట్టం లాగుతానని, లాగేటప్పుడు గట్టిగా దగ్గమని చెప్పాడు. వాషరు అన్నమాట. ఆరు రోజులుగా లోపల ఏముందా అని అనుకుంటున్నాడు. దగ్గాడు. గొంతులోంచి పొడుగ్గా, వెచ్చగా, అంతులేకుండా ఏదో జారిపోయింది. వెంటనే ముక్కు మీద, నోటి మీద మెత్తటి మాస్కు వచ్చింది. ఇది ఊపిరి తీయదు, వాకిలి మూసుకోకుండా చిన్న గాలితో తెరిచి పట్టుకుంటుంది, రెండు మూడు రోజులు అప్పుడప్పుడు పెడతాం అన్నాడు డాక్టరు. సాయంత్రం దాకా ఎక్కువ మాట్లాడకు అని కూడా అన్నాడు.

హీనాను పిలిచారు. ఆమె వెనక తలుపు దగ్గర మల్లేశ్ నిలబడ్డాడు, చేతిలో టిఫిను డబ్బా. ఆరు రోజులూ జొన్నరొట్టెలు తెస్తూనే ఉన్నాడు. నేను ఫోను చేయకపోతే ఇలా కాకపోయేదని హీనాతో వరండాలో అనడం ముజీబ్ రెండుసార్లు విన్నాడు. ముజీబ్ అతనికి చెయ్యి ఎత్తాడు. మల్లేశ్ లోపలికి రాలేదు, తల మాత్రం ఊపి, తువ్వాలుతో ముఖం తుడుచుకుంటూ పక్కకు జరిగాడు. హీనా మంచం అంచున కూర్చుని అతని ముఖాన్ని మొదటిసారి చూస్తున్నట్టు చూసింది. గొట్టం లేని ముఖం. ఆమె ఏదో దువా చదివినట్టు పెదవులు కదిలాయి. ముజీబ్ మాస్కు కొద్దిగా పైకి లేపాడు. గొంతు అతనిది కాదు, ఇసుకలో రేకు ఈడ్చినట్టు వచ్చింది. "కొసలు... ఎట్ల కలిపినవ్?"

ఏ కొసలని ఆమె అడగలేదు. వాళ్ల ఇంటి మాటలో, మెల్లగా, ఇదేం పెద్ద సంగతి అన్నట్టు చెప్పింది. కాలిపోయిన తీగలు కోసి పారేయకుండా ఒక్కొక్కటీ విప్పుకుంటూ పోయిందట. ఏ కొస ఏ కొసను పట్టుకుని ఉందో ఫిర్దోస్ పెళ్లి కార్డు వెనక బొమ్మ గీసుకుందట. కొత్త తీగ చుట్టాక ఆ బొమ్మ ముందు పెట్టుకుని కలిపిందట. "కాలినా దారి అట్లనే ఉంటది గద. నువ్వు ఎప్పుడన్న అడిగితె చెప్తుంటి," అంది. ముజీబ్ కళ్లు మూసుకున్నాడు. మూడేళ్ల ఉస్తాదు చదువు. కాలిన మోటరును అడిగితే అదే చెప్పేసింది. అతను ఇరవై రెండేళ్లుగా కాలిన తీగ కోసి గోతంలో పడేశాడు. మళ్లీ మాస్కు లేపబోతే ఆమె చెయ్యి అడ్డం పెట్టింది, డాక్టరు వద్దన్నాడు కదా అని. ఒక్కమాట అని వేలు చూపించాడు. "మల్లేశ్ స్టార్టరు..." అన్నాడు. "నేను పోయి చూస్త తియ్యి," అంది హీనా. "ముందు కట్టెతోని డబ్బ మీద కొట్టు," అన్నాడు. ఆమె నవ్వింది, నవ్వుతుండగానే కళ్లు నిండాయి. ఆరు రోజుల్లో మొదటిసారి అప్పుడే ఏడ్చింది, చప్పుడు లేకుండా, అతని భుజం మీద తల పెట్టుకుని.

మధ్యాహ్నం ఎండ కిటికీలోంచి మంచం మీదికి వచ్చింది. ఒళ్లంతా అలసట, మూటలు దించిన అలసట. నిద్ర ముంచుకొస్తోంది, అతను రానివ్వడం లేదు. రెప్పలు పడడం, ఉలిక్కిపడి తెరవడం, ఒక ఊపిరి కావాలని గట్టిగా తీసుకోవడం. హీనా చూస్తూ ఉంది. "పండుకో," అంది. తల అడ్డంగా ఊపాడు. ఆమెకు అర్థమైంది. ఆమె అరచెయ్యి తెచ్చి అతని పొట్ట మీద పెట్టింది. "నేను పట్టుకుని ఉంట," అంది. సరే, పడుకోవాల్సిందే, కానీ ఒకటి చూసి పడుకుందామనుకున్నాడు ముజీబ్. నేను వదిలేది ఏ ఊపిరి, అది అందుకునేది ఏ ఊపిరి, ఆ మారే చోటు ఎక్కడుందో ఇవాళ పట్టుకోవాలి. ఎవరూ చూసి ఉండరు. జాగ్రత్తగా కాపు కాశాడు. ఇది నాది. ఇది కూడా నాదే. దీన్ని కొంచెం నేను, కొంచెం... బయట ఆటో ఏదో పోతోంది. ఎండ చేతి మీద వెచ్చగా ఉంది. ఇది ఎవరిదో చూడాలి, జర ఆగు, ఇది

హీనా చెయ్యి కింద పొట్ట లేచింది. దిగింది. మళ్లీ లేచింది.